జవాబు ముందే తెలిసిన ప్రయోగాలు: సీమ ఫార్మసీ కాలేజీల్లో పరిశోధన ఎక్కడ ఆగిపోతోంది

సంక్షిప్తంగా: బీఫార్మసీ విద్యార్థికి పరిశోధన పరిచయమయ్యేది చివరి సెమిస్టర్‌లోనే. పరిశోధన ఎలా చేయాలో చెప్పే సబ్జెక్టు కూడా అదే సెమిస్టర్‌లో ఉంది. కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతపు కాలేజీల్లో పరికరాల కొరత ఉన్న మాట నిజమే. కానీ అసలు అడ్డంకి టైమ్‌టేబుల్‌లోనూ, మార్కులు వేసే పద్ధతిలోనూ ఉంది. మూడో సెమిస్టర్ నుంచే ప్రాక్టికల్స్‌లో కొన్నింటిని జవాబు తెలియని ప్రశ్నలుగా మారిస్తే, ఇప్పుడున్న ల్యాబులతోనే చాలా చేయవచ్చు.

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ రోజుల్లో ఫార్మసీ కాలేజీల బ్రోషర్లన్నింటిలో ఒక మాట తప్పకుండా కనిపిస్తుంది: విద్యార్థులను పరిశోధనలో భాగస్వాములను చేస్తున్నాం అని. తల్లిదండ్రులకు అదేమిటో స్పష్టంగా తెలియదు. ల్యాబులు ఉన్నాయి, వారానికి ఇన్ని గంటలు ప్రాక్టికల్స్ ఉన్నాయి, కాబట్టి పరిశోధన జరుగుతున్నట్టే అనుకుంటారు. ఆ రెండూ ఒకటి కావు. ఒకదాని నుంచి రెండోదానికి విద్యార్థి వెళ్లే దారిని మాత్రం సిలబస్ సరిగా వేయలేదు.

పారాసిటమాల్ ప్రయోగం చెప్పే తేడా

ప్రతి ఫార్మసీ కాలేజీలో చేయించే ఒక ప్రయోగాన్ని తీసుకుందాం. పారాసిటమాల్ టాబ్లెట్లను పొడి చేసి, సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో కరిగించి, వడపోసి, పలచన చేసి, యూవీ స్పెక్ట్రోఫొటోమీటర్‌లో 257 నానోమీటర్ల దగ్గర అబ్సార్బెన్స్, అంటే ద్రావణం కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూస్తారు. 715 అనే ప్రామాణిక విలువ వేసి లెక్క కడితే టాబ్లెట్‌లో ఎంత మందు ఉందో తేలుతుంది. స్ట్రిప్ మీద 500 మిల్లీగ్రాములు అని రాసే ఉంటుంది. లెక్క 490కో 505కో వస్తే రికార్డు మీద సంతకం పడుతుంది. 430 వస్తే?

ఇక్కడే చదువు మొదలవ్వాలి. పిప్పెట్‌తో తీసుకోవడంలో తేడా వచ్చిందా, వడపోతలో మందు మిగిలిపోయిందా, ద్రావణం పోసే క్యువెట్ గొట్టం తుడవలేదా, టాబ్లెట్‌లోనే మందు తక్కువగా ఉందా అని ఒక్కొక్కటే వెతకాలి. కానీ ప్రాక్టికల్‌కు ఇచ్చేది నాలుగు గంటలు. బ్యాచ్‌లో ఇరవై మంది ఉంటారు, యూవీ మెషీన్ ఒకటో రెండో ఉంటాయి. మళ్లీ చేసే వ్యవధి ఉండదు. పక్కవాడి రీడింగు చూసి తనది సర్దుకోవడమే తేలిక. కాలేజీల్లో ఇది ఎంత మామూలైపోయిందంటే, దీన్ని తప్పుగా ఎవరూ అనుకోవడం లేదు.

మార్కుల పద్ధతి కూడా అటే నడిపిస్తుంది. ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2014 నిబంధనల ప్రకారం ఒక్కో ప్రాక్టికల్‌కు ఇంటర్నల్స్ 15, సెమిస్టర్ పరీక్ష 35 మార్కులు. ఆ పదిహేనులో రోజువారీ పనికి దక్కేవి 5. అందులో హాజరుకు 2, రికార్డుకూ వైవాకూ కలిపి 3. వచ్చిన రీడింగును నిజాయితీగా రాసి, ఎందుకు తేడా వచ్చిందో వివరించిన విద్యార్థికి విడిగా ఇచ్చేది ఏమీ లేదు. సరైన జవాబున్న రికార్డుకు మాత్రం ఏ ఇబ్బందీ రాదు.

పరిశోధన దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ 500 అని ముందే రాసి పెట్టి ఉండదు. 430 వస్తే అది తప్పో కొత్త విషయమో తేల్చుకునే బాధ్యత చేసినవాళ్లదే.

ఎనిమిదో సెమిస్టర్ చిక్కు

ప్రాజెక్టు వర్క్ ఎనిమిదో సెమిస్టర్‌లో ఉంది. వారానికి 12 గంటలు, 6 క్రెడిట్లు, 150 మార్కులు. అయిదుగురికి మించని బృందంగా చేయాలి, రిపోర్టు 25 పేజీలకు తగ్గకూడదు. కాగితం మీద చూస్తే మంచి ఏర్పాటే. చిక్కు దాని చుట్టూ ఉన్నవాటితో వస్తోంది.

బయోస్టాటిస్టిక్స్ అండ్ రీసెర్చ్ మెథడాలజీ అనే సబ్జెక్టు కూడా ఎనిమిదో సెమిస్టర్‌లోనే పెట్టారు. శాంపిల్ ఎన్ని తీసుకోవాలి, కంట్రోల్ ఎందుకు ఉండాలి, రెండు సగటుల మధ్య తేడా నిజమైనదో యాదృచ్ఛికమో ఎలా తేల్చాలి అన్నవి పాఠంగా వినే సమయానికి ప్రాజెక్టు ప్రయోగాలు సగం అయిపోతాయి. బైపీసీ నుంచి వచ్చినవాళ్లకు లెక్కలంటే ఎలాగూ టెన్షన్. హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాలను వేరుచేసి కొలిచే పరికరం) వంటివి వివరించే ఇన్‌స్ట్రుమెంటల్ మెథడ్స్ సబ్జెక్టు ఏడో సెమిస్టర్‌లో వస్తుంది. అంటే పరికరం గురించి తెలిసిన కొద్ది నెలలకే దానితో కొత్త పని చేసి చూపించమంటున్నారు. అదే సమయంలో ఎంఫార్మసీ ప్రవేశ పరీక్ష జీప్యాట్ ప్రిపరేషన్, క్యాంపస్ ఇంటర్వ్యూలు కూడా మీద పడతాయి.

ఇంకా సూక్ష్మమైన విషయం మార్కుల పంపకంలో ఉంది. 150లో సగం, అంటే 75, రిపోర్టు పుస్తకానికి. అవి బృందంలో అందరికీ సమానం. మిగతా 75 ప్రజెంటేషన్‌కు, ప్రశ్నలకు జవాబులకు ఎవరివి వారికి వేస్తారు. ఉద్దేశం మంచిదే, జట్టుగా పనిచేయడం నేర్చుకోవాలని. కానీ ల్యాబ్‌లో నిలబడి డిసల్యూషన్ (మాత్ర కరిగే వేగం) పరీక్షకు శాంపిళ్లు తీసిన విద్యార్థికీ, చివరి వారంలో బైండింగ్ షాపుకు వెళ్లొచ్చిన విద్యార్థికీ పుస్తకం మార్కులు ఒకటే. ల్యాబ్ నోట్‌బుక్‌కు విడిగా మార్కులు లేవు. ప్రయోగం చేస్తున్నప్పుడు చూసి వేసే మార్కులూ లేవు. మాట తీరు బాగున్నవాళ్లు రెండో సగంలో నెట్టుకొస్తారు. సీనియర్ల రిపోర్టులో మందు పేరు మార్చి దించేయడం, డబ్బిచ్చి బయట చేయించుకోవడం వంటివి ఈ సందులోంచే పుడతాయి. విద్యార్థుల సోమరితనం అని తీసిపారేయడం తేలికే. లెక్క చూస్తే, మార్కులు ఎక్కడ ఉన్నాయో శ్రమ అక్కడికే వెళుతోంది.

మెషీన్లు లేకనా?

కాలేజీలు ముందుగా చెప్పే కారణం ఇది. హెచ్‌పీఎల్‌సీ ఖరీదు లక్షల్లో ఉంటుంది. అందులో పదార్థాలను వేరుచేసే కాలమ్‌లు, అసిటోనైట్రైల్, మెథనాల్ ద్రావకాలు, ఏఎంసీ (ఏటా నిర్వహణ ఒప్పందం) ఖర్చు అదనం. ఎంఫార్మసీ ఉన్న కాలేజీలో ఒక మెషీన్ ఉంటే అది పీజీ విద్యార్థులకే సరిపోదు. గ్రామీణ ప్రాంత కాలేజీల్లో చాలావరకు ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద నడిచేవే కాబట్టి, అది ఆలస్యమైనప్పుడు ముందుగా కోత పడేది రసాయనాల మీదే.

అయినా ఒకసారి లెక్క వేసి చూడాలి. వంద సీట్ల కాలేజీలో అయిదుగురేసి చొప్పున 20 బృందాలు. ఒక మందుకు హెచ్‌పీఎల్‌సీ పద్ధతిని వ్యాలిడేట్ చేయాలంటే, అంటే అది సరిగ్గా కొలుస్తుందని రుజువు చేయాలంటే, కనీసం అయిదు గాఢతలు ఉండాలి. ఒక్కోటి మూడుసార్లు చేస్తే 15 ఇంజెక్షన్లు, అంటే మెషీన్‌లోకి 15 సార్లు శాంపిల్ పంపడం. ప్రెసిషన్‌కు (మళ్లీ చేసినా అదే వస్తుందా) 6, అక్యురసీకి (అసలు విలువకు దగ్గరగా ఉందా) 9. మొత్తం 30. ఒక్కోదానికి పది నిమిషాలనుకుంటే 5 గంటలు. మెషీన్ సిద్ధం కావడానికి, చివర్లో కాలమ్ కడగడానికి ఇంకో రెండు గంటలు. ఏ ఆటంకమూ లేకపోతే ఒక బృందానికి ఒక పూర్తి రోజు. పద్ధతి కుదరడానికి ముందు చేసే ప్రయత్నాలు కలిపితే నాలుగైదు రోజులు వేసుకోవచ్చు. ఇరవై బృందాలూ దీన్నే ఎంచుకున్నా 80 నుంచి 100 పనిదినాలు.

వీటిని ఒకే సెమిస్టర్‌లో, అందులోనూ రిపోర్టు ఇచ్చే ముందు రెండు నెలల్లో ఇరికిస్తే మెషీన్ చాలదు. నాలుగు సెమిస్టర్లకు విస్తరిస్తే అదే మెషీన్ మిగిలిపోతుంది కూడా. అంటే కొరతలో పెద్ద భాగం అందరూ ఒకేసారి క్యూలో నిలబడటం వల్ల పుట్టిందే. పైగా అన్ని ప్రాజెక్టులకూ హెచ్‌పీఎల్‌సీ అక్కర్లేదు.

అణువు నిర్మాణాన్ని తేల్చే ఎన్‌ఎంఆర్, మాస్ స్పెక్ట్రోమెట్రీ లాంటివాటి సంగతి వేరు. అవి ఒక్కో కాలేజీ కొనేవి కావు, కొనాల్సిన పని కూడా లేదు. ప్రభుత్వ నిధులతో కొన్న పరికరాల వివరాలు ఒకచోట పెట్టిన ఐ-స్టెమ్ పోర్టల్ 2020 నుంచి ఉంది. అనంతపురానికి బెంగళూరు దగ్గర, కర్నూలుకు హైదరాబాద్ దగ్గర. శాంపిల్ పంపి, రుసుము కట్టి, ఫలితం తెప్పించుకోవచ్చు.

సీమ ఎండే ఒక ప్రశ్న

పరిశోధన అనగానే కొత్త మందు కనిపెట్టడం అన్న భావన విద్యార్థుల్ని భయపెడుతుంది. బీఫార్మసీ స్థాయిలో కావలసింది అది కాదు. చిన్నది, కొలవగలిగేది, జవాబు ఇంకా ఎవరి దగ్గరా సిద్ధంగా లేనిది అయితే చాలు. అలాంటి ప్రశ్నలు ఈ మూడు ఊళ్ల చుట్టుపక్కల కావలసినన్ని ఉన్నాయి. ఇక్కడివాళ్లు కాకపోతే వాటిని అడిగేవాళ్లు కూడా ఉండరు.

కర్నూలు, కడపల్లో ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం ఏటా చూసేదే. మందుల స్థిరత్వాన్ని తొందరగా పరీక్షించడానికి కంపెనీలు పాటించే ప్రమాణం 40 డిగ్రీల వేడి, 75 శాతం తేమ, ఆరు నెలలు. ఇక్కడి ఎండాకాలంలో వేడి అంతే ఉంటుంది కానీ మధ్యాహ్నం గాలిలో తేమ చాలా తక్కువ. ఈ పొడి వేడి మందును ఏం చేస్తుందన్నది వేరే ప్రశ్న.

ఆస్పిరిన్ దీనికి తగిన మందు. తేమ తగిలితే అది సాలిసిలిక్ ఆమ్లంగా, అసిటిక్ ఆమ్లంగా విడిపోతుంది. పాత ఆస్పిరిన్ సీసా మూత తీస్తే వెనిగర్ వాసన వచ్చేది అందుకే. సాలిసిలిక్ ఆమ్లం ఫెర్రిక్ క్లోరైడ్‌తో ఊదా రంగు ఇస్తుంది. ఆ రంగు ఎంత గాఢంగా ఉందో కలరీమీటర్‌తోనే కొలవవచ్చు. స్ట్రిప్‌లోనే ఉంచిన టాబ్లెట్లు, స్ట్రిప్ లేకుండా పేపర్ కవర్లో వేసినవి, వంటింట్లో పెట్టినవి, కిటికీ పక్కన పెట్టినవి, ఒక్కో గుంపు నుంచి వారానికోసారి తీసి చూస్తే మూడు నెలల్లో ఒక గ్రాఫ్ తయారవుతుంది. ఖర్చు వందల్లో. ఎండాకాలానికీ వానాకాలానికీ తేడా వస్తే అది అసలైన ఫలితం. తేడా రాకపోయినా ఫలితమే.

జెలటిన్ క్యాప్సూల్స్ సంగతి ఇంకా ఆసక్తికరం. గట్టి క్యాప్సూల్ తొడుగులో సుమారు 13 నుంచి 16 శాతం నీరు ఉంటుంది. అది తగ్గిపోతే తొడుగు పెళుసుబారి పగులుతుంది. తేమ ఎక్కువైన చోట మెత్తబడుతుంది. ఈ రెండు విషయాలూ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. దేశంలోనే వాన తక్కువ కురిసే ప్రాంతాల్లో ఒకటైన అనంతపురంలో, సగం వాడిన డబ్బాలో క్యాప్సూల్ ఎన్ని రోజులకు పెళుసుబారుతుందో మాత్రం ఏ పాఠ్యపుస్తకం చెప్పదు. దీనికి తూకం, తేమను అదుపులో ఉంచే డెసికేటర్ పాత్ర, ఓపిక చాలు.

ఇన్సులిన్ మరో ఉదాహరణ. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఫ్రిజ్ లేని ఇళ్లలో మట్టికుండలో పెట్టుకోవడం మన పల్లెల్లో ఉంది. నీరు ఆవిరవుతూ వేడిని లాగేస్తుంది కాబట్టి, గాలి ఎంత పొడిగా ఉంటే కుండ అంత బాగా చల్లబడుతుంది. కోస్తాలో కంటే సీమలో కుండ ఎక్కువ చల్లబరచగలగాలి. ఎంత ఎక్కువ, కరెంటు లేని మే నెల మధ్యాహ్నం కుండలో ఎన్ని డిగ్రీలు అన్నది చిన్న టెంపరేచర్ లాగర్ పెట్టి గంటగంటకూ నమోదు చేయవచ్చు. ఇందులో మందును ముట్టుకోనే అక్కర్లేదు. ఇది ఫార్మసీ పరిశోధనేనా అని కొందరు గైడ్లు సందేహిస్తారు. రోగి ఇంట్లో మందు ఎలా ఉంటుందన్న దాని కంటే ఫార్మసీకి దగ్గరి ప్రశ్న ఏముంటుందో చెప్పడం కష్టం.

మొక్కల విషయంలో పరిస్థితి కాస్త భిన్నం. ఇక్కడ ప్రాజెక్టులకు లోటు లేదు, ఉన్నవన్నీ ఒకేలా ఉండటం సమస్య. ఒక ఆకు తీసుకోవడం, ఆల్కహాల్‌లో సారం తీయడం, ఆల్కలాయిడ్లు ఉన్నాయి ఫ్లేవనాయిడ్లు ఉన్నాయి అని పట్టికలో టిక్కులు పెట్టడం, మధుమేహానికి పనిచేయవచ్చు అని ముగించడం. తంగేడు, పొడపత్రి, తిప్పతీగ, నేలవేము మీద ఇలాంటి రిపోర్టులు అల్మారాలు నిండా ఉంటాయి. అదే తంగేడు పూలను అనంతపురం ఎర్రనేలల నుంచి, కర్నూలు నల్లరేగడి గట్ల నుంచి, నల్లమల అంచుల నుంచి వేర్వేరు నెలల్లో సేకరించి, ఫోలిన్ కారకంతో 765 నానోమీటర్ల దగ్గర ఫినాలిక్ పదార్థాల మొత్తాన్ని పోల్చితే అది వేరే స్థాయి పని. పనిముట్లు ఆ పాతవే, ప్రశ్న మాత్రం మారింది. మొక్కను గుర్తించడానికి అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగాలు ఉన్నాయి. అడవి నుంచి సేకరించాలంటే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. ఎర్రచందనం లాంటి వాటి జోలికి బీఫార్మసీ ప్రాజెక్టు వెళ్లకపోవడమే మంచిది.

బయట ఎలా చేశారు

విద్యార్థులు అసలైన పరిశోధన చేయలేరన్న వాదనకు మట్టి నుంచే ఒక జవాబు ఉంది. క్షయకు మొదటి సమర్థమైన మందు స్ట్రెప్టోమైసిన్‌ను మట్టిలోని సూక్ష్మజీవి నుంచి 1943లో అమెరికాలోని రట్జర్స్‌లో వేరుచేసిన ఆల్బర్ట్ షాట్జ్ అప్పటికి సెల్మన్ వాక్స్‌మన్ దగ్గర పరిశోధక విద్యార్థి. ఇదే దారిలో 2012లో యేల్ విశ్వవిద్యాలయంలో జో హాండెల్స్‌మన్ డిగ్రీ విద్యార్థుల కోసం ఒక కోర్సు మొదలుపెట్టారు. ప్రతి విద్యార్థీ తన ఊరి మట్టి తెచ్చి, అందులోని సూక్ష్మజీవులను పెంచి, ఏది ఇతర బ్యాక్టీరియాను అడ్డుకుంటుందో చూడాలి. ప్రమాదకరమైన క్రిములకు బదులు వాటికి దగ్గరి, హాని లేని రకాలనే వాడతారు. ఇప్పుడది టైనీ ఎర్త్ పేరుతో అనేక దేశాల్లో నడుస్తోంది. దీని బలం ఎంపిక లేకపోవడంలో ఉంది. తెలివైన ఇద్దరిని ఏరి ప్రొఫెసర్ ల్యాబ్‌లో పెట్టుకోవడం కాదు, క్లాసు మొత్తం చేస్తుంది, అదే ప్రాక్టికల్.

మన సిలబస్‌లో మూడో సెమిస్టర్ మైక్రోబయాలజీ ప్రాక్టికల్స్‌లో, మందు బ్యాక్టీరియాను ఎంత అడ్డుకుంటుందో చూసే కప్-ప్లేట్ పద్ధతి, నీటి బ్యాక్టీరియా పరీక్ష ఇప్పటికే ఉన్నాయి. శాంపిల్ మారిస్తే చాలు.

2016లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ గ్రామర్ స్కూల్ విద్యార్థులు, సిడ్నీ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రవేత్తల సాయంతో పరాన్నజీవుల ఇన్ఫెక్షన్లకు వాడే పైరిమెథమిన్ తయారు చేశారు. అంతకు ముందు ఏడాది అమెరికాలో ఒక కంపెనీ ఈ మందు మాత్ర ధరను 13.50 డాలర్ల నుంచి 750 డాలర్లకు పెంచింది. వాళ్లు చేసింది కొత్త అణువేమీ కాదు. ప్రమాదకరమైన మెట్లను స్కూలు ల్యాబ్‌కు సరిపోయేలా మార్చుకుని, ప్రతి ప్రయత్నాన్నీ, విఫలమైన వాటితో సహా, అందరూ చూసేలా ఆన్‌లైన్ నోట్‌బుక్‌లో రాశారు. మన దేశంలోనూ సీఎస్‌ఐఆర్ 2008లో ప్రారంభించిన ఓపెన్ సోర్స్ డ్రగ్ డిస్కవరీ కార్యక్రమం, క్షయ క్రిమి జీనోమ్ సమాచారాన్ని వర్గీకరించే పనిలో వందలాది కాలేజీ విద్యార్థులను కలుపుకుంది. ఈ ఉదాహరణలన్నింటిలో విద్యార్థులకు దొరికింది ఖరీదైన మెషీన్ కాదు, తమ కంటే పెద్ద ప్రశ్నలో ఒక ముక్క.

రీడింగులు సర్దే అలవాటు ఎక్కడ బయటపడుతుంది

ఇది కాలేజీ గోడల మధ్య ముగిసే విషయమైతే ఇంత చర్చ అక్కర్లేదు. ఈ ప్రాంతపు బీఫార్మసీ విద్యార్థుల్లో చాలామంది ఉద్యోగాల కోసం చూసేది హైదరాబాద్ చుట్టుపక్కల, జడ్చర్లలో, విశాఖ దగ్గర పరవాడలో ఉన్న కంపెనీల క్వాలిటీ కంట్రోల్ విభాగాలవైపు. అక్కడ ఒక్క ఇంజెక్షన్‌ను కూడా చెరిపేయడానికి వీల్లేదు. ఎవరు, ఎప్పుడు, ఏ మెషీన్ మీద ఏం చేశారో ఆడిట్ ట్రయల్‌లో ఉంటుంది. అప్పటికప్పుడు రాయాలి, మొదట వచ్చిందే రాయాలి, ఎవరు రాశారో తెలియాలి. గత పదిహేనేళ్లలో భారతీయ మందుల కంపెనీలకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పంపిన హెచ్చరిక లేఖల్లో పదేపదే కనిపించిన ఆరోపణ డేటాను దిద్దడమే. 2013లో రాన్‌బాక్సీ అమెరికాలో నేరం ఒప్పుకుని 500 మిలియన్ డాలర్లు చెల్లించాల్సి వచ్చింది.

నాలుగేళ్లు 500 రావాలని రీడింగు సర్దిన చేతికి, కంపెనీలో చేరిన మొదటి రోజు శిక్షణలో సర్దకూడదు అని చెబితే ఎంత ఎక్కుతుందన్నది అనుమానమే. విఫలమైన ప్రయోగాన్ని ఉన్నదున్నట్టు రాసి, కారణం వెతికి, మార్కులు తెచ్చుకున్న అనుభవం ఒక్కసారైనా ఉంటే తేడా ఉంటుంది.

ప్రచురణల ఒత్తిడి దీన్ని ఇంకో వైపు నుంచి చెడగొడుతోంది. ర్యాంకింగుల్లో, అక్రెడిటేషన్‌లో పేపర్ల సంఖ్యకు విలువ ఉండటంతో బీఫార్మసీ ప్రాజెక్టును కూడా డబ్బు తీసుకుని వారంలో అచ్చేసే పత్రికకు పంపేస్తున్నారు. నాసిరకం పత్రికలను ఏరడానికి యూజీసీ 2019లో తెచ్చిన కేర్ జాబితా కూడా 2025లో ఆగిపోయింది. ఎంపిక భారం ఇప్పుడు కాలేజీల మీదే ఉంది. విద్యార్థి పరిశోధనను పేపర్లతో లెక్కించడం మొదలుపెట్టిన రోజే అది పరిశోధన కాకుండా పోతుంది.

అనుమతులు

ఎలుకల మీద ప్రయోగాలకు జంతు ప్రయోగాల నియంత్రణ కమిటీ వద్ద నమోదైన ఎనిమల్ హౌస్, సంస్థలోని ఎథిక్స్ కమిటీ ఆమోదం ఉండాలి. బీఫార్మసీ ఫార్మకాలజీ ప్రాక్టికల్స్‌లో జంతు ప్రయోగాలను సాఫ్ట్‌వేర్, వీడియోల ద్వారానే చూపాలని సిలబస్సే చెబుతోంది. అందువల్ల ప్రాజెక్టుల్లోనూ వాటిని వదిలేయడం నష్టమేమీ కాదు. రోగుల సమాచారం వాడితే మనుషులపై పరిశోధనకు సంబంధించిన ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. ఆసుపత్రుల్లో చేసే ఫార్మ్‌డీ ప్రాజెక్టులకు ఇది ఎక్కువగా వర్తిస్తుంది.

భారం ఎవరి మీద

మార్పు వస్తే మొదట బరువు పడేది అధ్యాపకుల మీద. జవాబు తెలిసిన ప్రయోగానికి మాన్యువల్ ఉంటుంది, బ్యాచ్‌ను చూసుకోవడం తేలిక. ఇరవై మందీ ఇరవై రకాల మట్టి తెస్తే, ప్రతి ప్లేటునూ చూసి ఇది ఎందుకిలా వచ్చింది అని అడగాలి. థియరీ క్లాసులు, ఇన్‌స్పెక్షన్ ఫైళ్లు, అడ్మిషన్ డ్యూటీల మధ్య ఇది అదనపు పనిగానే మిగిలితే రెండో ఏడాదికి ఆగిపోతుంది. పనిభారం లెక్కలో దాన్ని గంటలుగా చూపించాలి. ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులు ఖాళీగా ఉంచకూడదు.

వైద్య, దంతవైద్య విద్యార్థులకు ఐసీఎంఆర్ స్వల్పకాలిక పరిశోధన స్టైపెండ్ దశాబ్దాలుగా ఉంది. జీప్యాట్ రాసి ఎంఫార్మసీలో చేరితే నెలకు 12,400 రూపాయలు వస్తాయి. బీఫార్మసీ విద్యార్థికి ఆ రెండూ వర్తించవు. సెలవుల్లో ల్యాబ్‌లో ఉండమంటే హాస్టల్ మెస్ బిల్లు ఎవరు కట్టాలన్న ప్రశ్న నిజమైనదే. పొలం పనులకు ఇంటికి వెళ్లాల్సిన పిల్లలు ఈ కాలేజీల్లో తక్కువేం కాదు. అందుకే సెలవు పరిశోధన కంటే ప్రాక్టికల్ గంటల్లోనే చేసేది ఇక్కడ ఎక్కువ న్యాయంగా ఉంటుంది.

నిబంధనలు మారే దాకా ఆగక్కర్లేదు. వారానికి నాలుగు గంటల ప్రాక్టికల్‌లో సెమిస్టర్‌కు మూడు వారాలు విడిగా పెట్టి ఒక తెలియని ప్రశ్న ఇవ్వడానికి ఏ కాలేజీకీ అడ్డు లేదు. ఇంటర్నల్స్‌లో రికార్డుకు ఉన్న ఆ 3 మార్కులనూ, సర్దిన జవాబుకు కాకుండా కొట్టివేతలతో సహా ఉన్న నోట్‌బుక్‌కు వేయడం హెచ్‌ఓడీ స్థాయిలో తీసుకోగల నిర్ణయం. ప్రాజెక్టు బృందాలను ఆరో సెమిస్టర్‌లోనే ఏర్పరచి, హెచ్‌పీఎల్‌సీ రోజులను అప్పుడే పంచేస్తే చివరి రెండు నెలల క్యూ తగ్గుతుంది. కాలేజీని ఎంచుకునే తల్లిదండ్రులు ఎన్ని పేపర్లు వచ్చాయని కాక, నిరుడు విఫలమైన ప్రాజెక్టు ఒకటి చూపించండి అని అడిగితే అక్కడ పరిశోధన జరుగుతోందో లేదో చాలావరకు తెలిసిపోతుంది.